కంప్రెసరు బోరులో వత్తిడి తగ్గితే కనిపెట్టడం ఎలా?

ఎండాకాలం మొదలయ్యేసరికి పాల సంఘాల దగ్గర ఒక మాట తరచు వినవస్తుంది. "సారూ, మా కంప్రెసరు గాలి కొడ్తలేదు, ముల్లు లేస్తలేదు, గోలెం నిండుతలేదు." ఆ తరువాత కొద్ది రోజులకే ఆ సభ్యుడు పోసే పాలు కూడా తగ్గుతాయి. ఈ రెంటికీ సంబంధం వున్నది. బర్రె పాలలో నూటికి 82, 83 వంతులు నీరే. ఆవు పాలలో 87 వంతులు. పాలిచ్చే పశువు తన ఒంటికి కావలసిన నీళ్ళు కాక, ఇచ్చే ప్రతి లీటరు పాలకూ మూడు నాలుగు లీటర్లు అదనంగా తాగాలి. ఎండాకాలంలో మంచి పాల బర్రె రోజుకు 80 లీటర్లు తాగినా ఆశ్చర్యపడవలసిన పని లేదు. గోలెం సగమే నిండితే దాణా ఎంత పెట్టినా లాభం వుండదు.

మన్ననూర్, అమ్రాబాద్, పదర వైపు ఈ బాధ మరీ ఎక్కువ. నల్లమల అంచున వున్న రాతి నేల ఇది. బోరు వేస్తే బండ పగుళ్ళలో దొరికిన నీరే నీరు. ఇక్కడి పొడ తూర్పు పశువులు దేశవాళీ జాతిగా గుర్తింపు పొందినవి. అవి అడవిలో మేసి, వాగులో తాగి వస్తాయి గనుక వాటికి కంప్రెసరుతో పని లేదు. కాని పాల కోసం కొట్టంలో కట్టేసి సాకే ముర్రా బర్రెకు గోలెమే వాగు. కాబట్టి కంప్రెసరు వత్తిడి తగ్గినప్పుడు తప్పు ఎక్కడున్నదో సభ్యులు తామే కనిపెట్టుకొనే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ముందుగా ఒక సంగతి. వత్తిడి తగ్గిందని మన వద్దకు వచ్చే ఫిర్యాదులలో చాలా వాటికి కంప్రెసరు కారణం కాదు. మిషను విప్పించి, రింగులు మార్పించి, డబ్బు ఖర్చు చేసిన తరువాత ఈ సంగతి తెలుస్తున్నది. అందుచేత విప్పడానికి ముందు ముల్లు ఏమి చెబుతున్నదో చదవడం నేర్చుకోవాలి.

ముల్లు దేనిని చూపిస్తుంది?

కంప్రెసరు బోరులో రెండు పైపులు దిగుతాయని మీకు తెలుసు. ఒకటి గాలి పైపు, రెండవది నీళ్ళు పైకి వచ్చే పైపు. పైనుండి కొట్టిన గాలి అడుగున నీళ్ళలో కలిసి బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. గాలి కలిసిన నీరు తేలిక అవుతుంది. చుట్టూ వున్న బరువైన నీరు దానిని పైకి నెడుతుంది. అంతే తప్ప గాలి నీటిని పీల్చదు. ఈ పద్ధతి 1797లోనే జర్మనీలో ఒక గని ఇంజనీరు కనిపెట్టినది. లోపల తిరిగే భాగం ఒక్కటీ లేదు గనుక, నీళ్ళు తక్కువ వున్న బోరులోను, ఒండ్రు వచ్చే బోరులోను, వంకర పడిన బోరులోను మునిగే మోటరు కాలిపోతుందేమోనన్న భయం లేకుండా దీనిని వాడుకోవచ్చును. కరెంటు మాత్రం ఎక్కువ తింటుంది. నీరు బాగా వున్న బోరుకు కంప్రెసరు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

ఇప్పుడు ముల్లు సంగతి. మిషను వేయగానే గాలి పైపులో అప్పటికే నిలిచి వున్న నీటిని గాలి కిందికి నెట్టాలి. ఆ నీరంతా పైపు అడుగు నుండి బయటకు పోయేదాకా ముల్లు పెరుగుతూ వుంటుంది. గాలి పైపు మూతికి చేరిన క్షణాన ముల్లు అన్నిటికన్నా ఎత్తున నిలుస్తుంది. తరువాత నీళ్ళు రావడం మొదలై, ముల్లు కొంత దిగి ఒకచోట స్థిరపడుతుంది. మొదట లేచిన ఎత్తును మనం 'మొదటి ముల్లు' అందాము. తరువాత స్థిరపడినది 'నడక ముల్లు'.

ఒక కిలో వత్తిడి అంటే 10 మీటర్ల నీటి బరువు. అడుగుల లెక్కలో 33 అడుగులు. మీ మీటరు మీద పౌండ్ల గుర్తులు వుంటే 14 పౌండ్లు కొంచెం ఎక్కువగా ఒక కిలో అవుతుంది. కాబట్టి మొదటి ముల్లు 5 కిలోలు చూపితే, పైపు మూతి మీద 165 అడుగుల నీరు నిలిచి వున్నదని అర్థం. 3 కిలోలు చూపితే దాదాపు 100 అడుగులు. 2 కిలోలైతే 66 అడుగులు. అంటే మన మీటరు కంప్రెసరు బలాన్ని చూపడం లేదు, బోరులో నీరు ఎంత వున్నదో చూపుతున్నది. కంప్రెసరు ఎంత కొత్తదైనా, ఎదురు నెట్టే నీరు లేనప్పుడు ముల్లు లేవదు. టైరులో ట్యూబు లేకుండా పంపు కొడితే ఎట్లా వుంటుందో ఇదీ అట్లాగే.

ఒక ఉదాహరణ చూడండి. గాలి పైపు 260 అడుగులు దించారనుకొందాము. దసరా నాటికి మొదటి ముల్లు 5 కిలోలు. అంటే నీరు భూమికి 95 అడుగుల లోతున వున్నది, పైపులో 165 అడుగులు మునిగి వున్నది. పైపు సగానికన్నా ఎక్కువ మునిగింది గనుక నీళ్ళు ధారగా వస్తాయి. ఏప్రిల్ నాటికి మొదటి ముల్లు 3 కిలోలకు దిగింది. నీరు 160 అడుగులకు పోయింది, పైపు మునిగింది 100 అడుగులే. నూటికి 38 వంతులన్నమాట. ఇప్పుడు నీళ్ళు గుక్కలు గుక్కలుగా వస్తాయి. కొంతసేపు గాలి, కొంతసేపు నీరు. మే నెలలో 2 కిలోలు. నూటికి 25 వంతులే మునక. తుంపర తప్ప ధార రాదు. ఈ మూడు నెలలలోను కంప్రెసరు అదే, బెల్టు అదే, మోటరు అదే. మారింది నీటి మట్టం ఒక్కటే.

వానాకాలంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. చెరువు నిండిన తరువాత మొదటి ముల్లు 6 కిలోలకు లేచి, మోటరు బరువుగా తిరుగుతుంది. కొందరు దానినీ మిషను తప్పే అనుకొంటారు. మీ మిషను ప్లేటు మీద రాసిన వత్తిడికి లోపల వున్నంతవరకు భయపడనక్కరలేదు. కాని వాన పడకుండానే ముల్లు పెరిగితే పైపు మూతి ఒండ్రుతో పూడుతున్నదేమో చూడాలి.

ఎంత లేచింది, ఎంతసేపట్లో లేచింది?

ముల్లు ఎంత ఎత్తుకు లేచిందో చూస్తే చాలదు. ఎంతసేపట్లో లేచిందో కూడా చూడాలి. చేతి గడియారం చాలు. తప్పు బోరులో వున్నదా, మిషనులో వున్నదా అన్నది ఈ రెండు అంకెలు కలిపి చెబుతాయి.

మొదటి ముల్లు తక్కువ, కాని చేరడం మాత్రం చురుకుగా, ఎప్పటికన్నా త్వరగానే చేరింది అనుకోండి. మిషను బాగున్నది, బోరులో నీరు దిగింది. రింగుల జోలికి పోవద్దు.

మొదటి ముల్లు ఎప్పటి గుర్తుకే చేరింది, కాని నాలుగు నిమిషాలు పట్టేచోట ఎనిమిది నిమిషాలు పట్టింది. బోరు బాగున్నది. మిషను గాలి తక్కువ చేస్తున్నది, లేదా చేసిన గాలి దారిలో పోతున్నది.

ముల్లు నత్తనడకన లేచి, ఏ గుర్తుకూ చేరక మధ్యలోనే నిలిచిపోయి, నీళ్ళు రానేరాకపోతే భూమిపైన పెద్ద లీకు వుండాలి, లేదా వాల్వు విరిగి వుండాలి.

నాల్గవది కొంచెం చిక్కు. మొదటి ముల్లు తక్కువ, చురుకుగానే చేరింది, కాని పక్క పొలంవారి బోరులో నీరు దిగలేదంటున్నారు. అప్పుడు మీ బోరులో నీటి మట్టం స్వయంగా కొలవాలి. రాత్రంతా మిషను ఆపి వుంచి, తెల్లవారి సన్నని గట్టి దారానికి ఒక నట్టు కట్టి మెల్లగా దించండి. నీటిని తాకినప్పుడు చప్పుడు వినబడుతుంది, దారం బరువు కూడా చేతికి తెలుస్తుంది. దారాన్ని పైకి తీసి అడుగులలో కొలవండి. పై ఉదాహరణలోని బోరులో నీరు 95 అడుగులకే దొరికిందనుకొందాము. కాని ముల్లు 3 కిలోలే. అంటే గాలి 260 అడుగుల దాకా పోవడం లేదు, నీటికి 100 అడుగుల కింద, భూమికి 195 అడుగుల దగ్గర బయటపడుతున్నది. ఆ చుట్టుపక్కల జాయింటు వదిలి వుండాలి, లేదా పైపుకు రంధ్రం పడి వుండాలి. పైపు పైకి తీయించేటప్పుడు ఆ లోతు వచ్చేసరికి జాగ్రత్తగా చూడండి. చిన్న చిల్లి అయితే ఈ లెక్క ఇంత ఖచ్చితంగా రాదు, ఎందుకంటే కొంత గాలి అందులోంచి పోయినా మిగిలినది కిందికే పోతుంది. పెద్ద చిల్లికి మాత్రం ముల్లు చెప్పే లోతు చాలా దగ్గరగా వుంటుంది.

కొన్నాళ్ళ కిందట అమ్రాబాద్ వైపు ఒక ఊరిలో ఒక పెద్దాయన ఇంటికి పోయాను. ఆరు బర్రెలు వుండేవి, రెండు అమ్మేశాడు. ఒక్క ఎండాకాలంలోనే కంప్రెసరుకు రెండుసార్లు రింగులు వేయించాడట. "ఏసినప్పుడల్లా నాలుగొద్దులు మంచిగొస్తది సారూ, మళ్ళ గదే కథ" అన్నాడు. నాలుగు రోజులు మంచిగా ఎందుకు వచ్చిందంటే, మిషను మెకానిక్కు దగ్గర వున్న ఆ నాలుగు రోజులూ బోరు విశ్రాంతిగా వుండి నీరు ఊరింది! మిషను వేయించి చూశాను. ముల్లు 3 కిలోలకు చురుకుగా లేచి, దిగి, నీళ్ళు గుక్కలు పట్టాయి. "పెద్దాయనా, మొదట్ల ఎంత లేస్తుండె?" అని అడిగితే ఆయనకు గుర్తు లేదు. కోడలు మాత్రం స్టార్టరు డబ్బా లోపలి మూత మీద సుద్దముక్కతో రాసిన 5 అంకె చూపించింది. దారం వేసి చూస్తే నీరు 160 అడుగుల దగ్గర దొరికింది. మిషనులో ఏ లోపమూ లేదు.

బోరే కారణమైతే ఏమి చేయాలి? బోరు పైపు కంటె లోతుగా వుంటే పైపు దించవచ్చు. ఆ పెద్దాయన బోరు 305 అడుగులు. పైపు 290కి దించాము. అడుగున ఒండ్రు కోసం 10, 15 అడుగులు వదలాలి, మూతి బురదలో దిగబడితే మొదటికే మోసం. దించిన తరువాత మునక 130 అడుగులు, మొదటి ముల్లు 4 కిలోలకు వచ్చింది, నీళ్ళు ధార కట్టాయి. అయితే బోరులో ఊరే నీరు పెరగలేదు కదా. గంటసేపు నడిపి, రెండు గంటలు ఆపి, మళ్ళీ నడపమని చెప్పాము. ముల్లు దిగుతున్నకొద్దీ ఆపకుండా నడిపించడం కన్నా ఈ విధంగా ఆపి ఆపి తోడితే రోజు మొత్తానికి ఎక్కువ నీరు వస్తుంది, మోటరుకు ప్రాణం కూడా మిగులుతుంది. ఒక సిమెంటు తొట్టి కట్టుకొని ఆ నీటిని నిలువ చేసుకొంటే పగటి ఎండలో మిషను కోసం ఎదురు చూడనక్కరలేదు.

ఇక మిషను వైపు

తప్పు మిషనులోనే వున్నదని తేలితే, ఖర్చు లేని వాటి నుండి మొదలు పెట్టాలి. స్టార్టరు ఆపి, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకొన్న తరువాతనే చెయ్యి పెట్టండి. తువ్వాలు, లుంగీ కొంగు, చీర కొంగు బెల్టుకు చిక్కుకొన్న సంఘటనలు మనం విన్నవే. బెల్టుకు జాలీ మూత లేని మిషను నడపవద్దు.

మొదట మీటరునే అనుమానించండి. గాలి పూర్తిగా వదిలిన తరువాత ముల్లు సున్నా మీదికి రాకపోతే అది చెప్పే ఏ అంకెనూ నమ్మలేము. శ్రీశైలం రోడ్డు మీద పంక్చరు దుకాణాలు వున్నాయి. అక్కడి నుండి నిఖార్సయిన మీటరు ఒకటి అడిగి తెచ్చి పక్కన పెట్టి చూస్తే అయిదు నిమిషాలలో తేలిపోతుంది.

తరువాత గాలి పీల్చే ఫిల్టరు. కంప్రెసరును చాలామంది కొట్టం పక్కనే బిగిస్తారు. గడ్డి దుమ్ము, పొట్టు, ఎండు పేడ ధూళి అంతా ఫిల్టరులోకే పోతుంది. ఫిల్టరు తీసి ఒక్క నిమిషం మాత్రం నడిపించి చూడండి. ముల్లు చురుకైతే దొంగ దొరికినట్లే. అంతకన్నా ఎక్కువసేపు ఫిల్టరు లేకుండా నడపవద్దు, ధూళి సిలిండరును గీకేస్తుంది. ఒకసారి నేను అన్నీ విప్పి చూసి విసిగిపోయిన తరువాత, చివరకు ఫిల్టరు వెనుక గొట్టంలో కందిరీగ పెట్టిన మట్టి గూడు కనిపించింది. అది మొదట చూడవలసిన చోటు. చివర చూసినందుకు ఒక పూట పోయింది.

బెల్టు జారడం ఇంకొక కారణం. కీచుమని అరుపు, పుల్లీ చుట్టూ నల్లటి పొడి, చేయి పెట్టలేనంత వేడి దీని గుర్తులు. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళం నుండి ముప్పావు అంగుళం దాకా దిగాలి. రెండు బెల్టులు వుంటే రెండూ ఒకేసారి మార్చండి. బెల్లం, రాళ్ళ గుగ్గిలం వంటివి పూయడం వల్ల బెల్టు పాడవుతుంది తప్ప పట్టు రాదు. లైనుమీద పని జరిగిన తరువాత చక్రం ఎదురు తిరుగుతున్నదేమో కూడా చూడండి. ఎదురు తిరిగినా గాలి వస్తుంది. కాని చక్రం ఆకులు సిలిండరు మీదికి గాలి వీచవలసినది పోయి అవతలికి వీస్తాయి, మిషను కాగిపోతుంది.

లీకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 7 కిలోల వత్తిడి వద్ద 3 మిల్లీమీటర్ల చిల్లి, అంటే మామూలు అగ్గిపుల్ల కన్నా కొంచెం లావు రంధ్రం, నిమిషానికి దాదాపు 600 లీటర్ల గాలిని వదిలేస్తుంది. 5 గుర్రాల కంప్రెసరు నిమిషానికి చేసే గాలే దాదాపు అంత! అంటే ఒక్క చిల్లి చాలు, మిషను రాత్రింబగళ్ళు తిరిగినా ముల్లు కదలకపోవడానికి. వ్యవసాయ కరెంటుకు బిల్లు రాదు గనుక సుయ్యిమనే చప్పుడు మనకు చెవికెక్కదు. సబ్బు నీళ్ళు చిక్కగా కలిపి, పాత బ్రష్షుతో ప్రతి జాయింటు మీదా, క్లాంపు మీదా, మీటరు మర మీదా, డ్రెయిన్ కుళాయి మీదా పూయండి. నురుగు లేచినచోట లీకు వున్నట్లే. రబ్బరు పైపుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి తాడు కట్టడం ఆ పూట గడవడానికి సరే గాని, మరుసటి రోజే ఆ ముక్క కోసివేసి మంచి క్లాంపు వేయించండి. మర జాయింట్లకు టేపు మర తిరిగే వైపుకే చుట్టాలి, లేకుంటే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.

ట్యాంకు వున్న కంప్రెసరుకు ఇంకొక మంచి పరీక్ష వున్నది. ముందు సేఫ్టీ వాల్వు రింగు లాగి అది పని చేస్తున్నదని నిర్ధారించుకోండి. తరువాత బోరు వైపు వాల్వు మూసి మిషను నడిపి, ముల్లు సున్నా నుండి 6 కిలోలకు ఎన్ని నిమిషాలలో పోతుందో చూడండి. మిషను కొత్తగా వున్నప్పుడు రాసి పెట్టుకొన్న సమయంతో పోల్చండి. అప్పుడు మిషను ఆపి పది నిమిషాలు ముల్లును గమనించండి. ముల్లు నిలిచి వుంటే ట్యాంకు వైపు లీకు లేదు. దిగుతూ వుంటే సబ్బు నీళ్ళు పూయండి, ఎక్కడా నురుగు రాకపోతే ట్యాంకు మొదట వుండే ఎదురు వాల్వు పట్టడం లేదు, గాలి వెనక్కి సిలిండరు వైపు పోతున్నది. ట్యాంకు గాని, సేఫ్టీ వాల్వు గాని లేని కంప్రెసరుకు ఈ పరీక్ష ఎట్టి పరిస్థితిలోను చేయవద్దు. గాలి పోవడానికి దారి లేకపోతే పిస్టన్ ఆగదు, ఏదో ఒకటి పగిలేదాకా నెడుతూనే వుంటుంది.

ఇంతవరకు అన్నీ బాగుంటే అప్పుడు వాల్వుల వంతు. మిషను నడుస్తుండగా ఫిల్టరు దగ్గర అరచేయి పెట్టండి. గాలి లోపలికి పోవడమే వుండాలి. ప్రతి దెబ్బకూ చేతికి ఎదురు ఊపిరి తగిలితే పీల్చే వాల్వు రేకు విరిగింది, లేదా దాని మీద మసి పేరుకొన్నది. రెండు సిలిండర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వున్న రెండంచెల మిషనులో ఇంకా సులువు. రెంటి నడుమ గొట్టంలో వత్తిడి, చివర 7 కిలోలు వున్నప్పుడు, సుమారు 2 కిలోలు వుండాలి. నడుమ వున్న సేఫ్టీ వాల్వు ఊరికే ఎగురుతూ వుంటే చిన్న సిలిండరు వాల్వు వదులుతున్నది. నడుమ వత్తిడి బాగా తక్కువైతే పెద్ద సిలిండరు వైపు చూడండి. వాల్వు ప్లేటు విప్పి మసి గీకి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించడం అచ్చంపేటలో ఏ మంచి మెకానిక్కయినా ఒక పూటలో చేసే పని. హెడ్డు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తున్నాడా లేదా అన్నది మీరు దగ్గర నిలబడి చూడండి.

రింగులు అరగడం అందరూ మొదట చెప్పే కారణం. నిజానికి అది చివర అనుమానించవలసినది. ఆయిలు గొట్టం నుండి నీలం పొగ పోతుంటే, ఆయిలు మాటిమాటికి తగ్గుతుంటే, అప్పుడు రింగులు.

ఈ ఆయిలు విషయంలో పాడి రైతులు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. రింగులు వదిలిన ఆయిలు గాలితోపాటు బోరులోకి, అక్కడి నుండి నీళ్ళలోకి వస్తుంది. గోలెంలో నీటి మీద రంగురంగుల పొర తేలితే అది ఆయిలే. పశువు ముక్కు మనకన్నా చురుకైనది. వాసన తగిలితే మూతి పెట్టి వెనక్కి తీస్తుంది. దాహం వున్నా సగమే తాగుతుంది. పాలు తగ్గడానికి ఇది కనబడని కారణం. ట్రాక్టరులో వాడి తీసిన నల్ల ఆయిలు కంప్రెసరులో పోసేవారు వున్నారు. ఖర్చు మిగులుతుందని వారి లెక్క, కాని ఆ మసి వాల్వులను పట్టేస్తుంది, ఆ నీళ్ళనే పశువులు, ఒక్కోచోట మనుషులు కూడా తాగుతారు. కంప్రెసరుకు చెప్పిన ఆయిలే పోయండి.

గాలి ట్యాంకు లోపల రోజూ నీరు పడుతుంది. గాలిలో తేమే అలా దిగుతుంది. సాయంత్రం మిషను ఆపి, కింది కుళాయి తిప్పి ఆ నీరు వదలండి. వదలకపోతే ట్యాంకు అడుగు లోపలి నుండి తుప్పు తింటుంది, పైకి మాత్రం రంగు బాగానే వుంటుంది. తుప్పుపట్టి పలుచబడిన ట్యాంకు ఒకనాడు బాంబులా పేలుతుంది. ట్యాంకు కారితే వెల్డింగు పెట్టించవద్దు, మార్చండి. పాత డ్రమ్మును ట్యాంకుగా వాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సేఫ్టీ వాల్వు ఊరికే ఎగురుతున్నదని దాని స్ప్రింగు బిగించినవారిని కూడా చూశాను. ఎగిరితే అది తన పని తాను చేస్తున్నట్లు.

మన డెయిరీలలో ఇదే గాలితో వేరే పనులు జరుగుతాయి. పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు వుంచే యంత్రంలో, వేడి చాలని పాలను వెనక్కి మళ్ళించే వాల్వును గాలి వత్తిడే నడిపిస్తుంది. గాలి పోతే ఆ వాల్వు స్ప్రింగు బలంతో వెనక్కి మళ్ళే వైపుకే పడేటట్లు చేసి వుంటుంది, పచ్చిపాలు ముందుకు పోవు. పాకెట్లు నింపే మిషనులో గాలి తగ్గితే అతుకు సరిగా పడక పాకెట్లు కారుతాయి. అక్కడ ముల్లు తగ్గితే తప్పు నిజంగానే మిషనులోనో, లైనులోనో వుంటుంది, ఎందుకంటే అక్కడ బోరు లేదు. మన బోరు మీద కంప్రెసరుకు వున్న ప్రత్యేకత ఇదే.

సభ్యులు చేయవలసిన పని ఒకటి వున్నది. స్టార్టరు డబ్బా మూత లోపల నాలుగు అంకెలు రంగుతో రాసి పెట్టుకోండి. గాలి పైపు ఎన్ని అడుగులు, బోరు ఎన్ని అడుగులు, మంచి రోజులలో మొదటి ముల్లు ఎంత, ఎన్ని నిమిషాలలో లేచింది. నెలకొకసారి మొదటి ముల్లు, సమయం ఒక నోటుపుస్తకంలో రాయండి. పిల్లలకు అప్పజెప్పితే వారు మనకన్నా శ్రద్ధగా రాస్తారు.

మెకానిక్కును పిలిచేటప్పుడు "గాలి వస్తలేదు" అని మాత్రమే చెప్పవద్దు. మన్ననూర్ దాటి అడవిలో వున్న వటవర్లపల్లి వంటి ఊళ్ళకు రాత్రి చెక్‌పోస్టు మూసిన తరువాత ఎవరూ రాలేరు, పగలు వచ్చినవాడు తగిన సామాను లేకుండా వస్తే ఇంకొక రోజు పోతుంది, ఆ రోజంతా పశువులకు బిందెలతో మోయాలి. మొదటి ముల్లు ఎంత, ఎన్ని నిమిషాలలో లేచింది, నీరు ఎన్ని అడుగులలో వున్నది, ఫిల్టరు దగ్గర ఎదురు గాలి తగిలిందా, సబ్బు నురుగు ఎక్కడ లేచింది, ఆయిలు పొగ వున్నదా, ఇవి ఫోనులోనే చెప్పండి. ప్లేటు మీద రాసిన మిషను నంబరు కూడా చెబితే వాల్వు రేకు, గ్యాస్కెట్టు సరైనవే వెంట తెచ్చుకొంటాడు.